ఒంగోలులో పిల్లల బర్త్‌డే పార్టీల బిజినెస్ పెట్టాలంటే ఎలా మొదలుపెట్టాలి?

ముందే షాపు అద్దెకు తీసుకోకండి, దండగ. ఒక ఆర్చ్ స్టాండు, రెండు బ్యాక్‌డ్రాప్ గుడ్డలు, బెలూన్లు ఊదే కరెంటు పంపు కొనుక్కుని, తెలిసినవాళ్ల ఇళ్లలో ఫస్ట్ బర్త్‌డేలు చేసి ఆ ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో, ఇన్‌స్టాలో పెడుతూ ఉండండి. ఇందులో సుఖమేంటంటే, పెళ్లిళ్లకు మూఢం అడ్డొస్తుంది గానీ పుట్టినరోజుకు రాదు. మన ఒంగోలు ఎండలకు మేడ మీద మధ్యాహ్నం కట్టిన బెలూన్లు సాయంత్రానికి టపటపా పేలిపోతాయి, ఎండ వాలాకే కట్టండి. గాల్లో తేలేవి అడిగితే హీలియమే వాడండి; చవకని హైడ్రోజన్ నింపారా, కేకు మీది కొవ్వొత్తి చాలు అంటుకోవడానికి. భోజనాలు క్యాటరింగ్ వాళ్లకు వదిలేయండి, మీరే వండి పెడితే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. జీఎస్టీ టెన్షన్ ఇప్పుడే వద్దు, సేవలకైతే ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటినప్పుడు చూసుకోవచ్చు. చుట్టాలైనా సరే, సగం అడ్వాన్సు చేతికి రాకుండా సామాను కొనకండి.