ఫిట్స్ మాత్రల వల్ల నడక తూలుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. ఫిట్స్ కోసం ఇరవై ఏళ్లుగా రోజూ 300 మి.గ్రా. ఫెనిటాయిన్ వాడుతున్నారు. ఆరు నెలల కిందట మళ్లీ ఫిట్స్ వస్తే డోసు 400కు పెంచారు. అప్పటి నుంచి తూలుతూ నడుస్తున్నారు, మాట ముద్దగా వస్తోంది. మందు ముట్టని మనిషిని తాగారనుకుంటున్నారు. ఎమ్మారైలో చిన్నమెదడు కుంచించుకుపోయిందట. మాత్రలు ఆపేయమంటారా?
– ఓ పాఠకురాలు

జవాబు: ఆపకండమ్మా. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు.

నాకు ఎమ్మారై కంటే ఆ పెంచిన 100 మి.గ్రా. మీదే అనుమానం. ఫెనిటాయిన్‌ను కాలేయం ఒక హద్దు వరకే విరగ్గొట్టగలదు. అది దాటాక డోసు కాస్త పెంచినా రక్తంలో మందు అమాంతం పెరుగుతుంది. మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాలి. 20 దాటితే పక్కకు చూసినప్పుడు కనుగుడ్లు అదురుతాయి. 30 దాటితే నడక తూలుతుంది. 40 దాటితే మత్తు, అయోమయం.

అందుకే ముందు ఫెనిటాయిన్ లెవెల్ పరీక్ష చేయించండి. రక్తం ఉదయం మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. ఆల్బుమిన్ (రక్తంలో ఈ మందు అంటుకుని ఉండే ప్రోటీన్) కూడా చూపించండి. అది తక్కువైతే లెవెల్ మామూలుగా కనిపించినా ఒంట్లో పనిచేసే మందు ఎక్కువే ఉండొచ్చు. టీబీకి ఐసోనియాజిడ్, ఫంగస్‌కు ఫ్లూకొనజోల్ లాంటివి వాడుతుంటే వాటివల్లా లెవెల్ పెరుగుతుంది. పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి.

లెవెల్ ఎక్కువని తేలితే ఒకరకంగా మంచిదే. డోసు సరిచేస్తే తూలు చాలావరకు తగ్గే అవకాశం ఉంది.

ఇక ఎమ్మారై సంగతి. ఏళ్ల తరబడి ఫెనిటాయిన్ వాడినవారిలో, ముఖ్యంగా లెవెల్ ఎక్కువగా ఉంటూ వచ్చినవారిలో, నడకను అదుపుచేసే చిన్నమెదడులో పర్కింజీ కణాలనే నాడీకణాలు తగ్గిపోవచ్చు. పోయినవి తిరిగి రావు. అయితే పదేపదే వచ్చే ఫిట్స్ కూడా వాటిని దెబ్బతీస్తాయి కాబట్టి తప్పంతా మాత్ర మీద వేయలేం. బి12, థైరాయిడ్ కూడా ఒకసారి చూడాలి.

మందు మార్చాల్సి వస్తే లెవెటిరాసెటమ్, లామోట్రిజిన్ లాంటివి ఉన్నాయి. కొత్తది మొదలుపెట్టి, పాతదాన్ని వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. ఇది న్యూరాలజిస్టు చేయాల్సిన పని. లెవెటిరాసెటమ్‌తో కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి. అది పేషెంటు కంటే ఇంట్లోవాళ్లకే ముందు తెలుస్తుంది, గమనించి చెప్పండి.

ఈలోగా బైక్ ఇవ్వొద్దు, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి హ్యాండిల్ పెట్టించండి. వాంతులు, విపరీతమైన మత్తు మొదలైనా, లేచి నిలబడలేకపోయినా లెవెల్ రిపోర్టు కోసం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.