రాయి గట్టిదే, మరి గని కప్పు ఎందుకు రాలుతోంది?

ల్యాబ్‌లో బొగ్గు గని కప్పు రాయికి 35 మెగాపాస్కల్స్ బలం వచ్చినా గ్యాలరీలో (గని లోపలి దారిలో) కప్పుకు బిగించిన బోల్టుల (ఉక్కు కడ్డీల) మధ్య రాతి పలకలు ఎందుకు ఊడుతున్నాయని అడిగారు. ముందు ఆ చోట మనుషుల్ని ఆపి, మేనేజర్‌కి చెప్పి, వదులు రాయిని దింపించండి.

మీరు పరీక్షించింది ఒక ముక్క బలం. కప్పు పొరల దొంతర. కప్పు ఎంత నమ్మదగిందో మార్కులిచ్చి చెప్పే పద్ధతి ఆర్‌ఎంఆర్ (రాక్ మాస్ రేటింగ్). మన దేశంలో బొగ్గు గనుల్లో వాడే సీఎంఆర్‌ఐ ఆర్‌ఎంఆర్‌లో 100 మార్కులకు రాయి బలానికి ఇచ్చేది 15 మాత్రమే. పొర మందానికి 30, పగుళ్లు, స్లిప్పులకు (రాయి జారే నునుపు పగుళ్లకు) 25, తడికి నానే గుణానికి 20, నీటి ఊటకు 10. గట్టి ఇసుకరాయి మధ్య వేలెడు మందం బంకమట్టి పొర ఉన్నా అక్కడే విడిపోతుంది. కడ్డీతో తట్టి చూడండి, ఖంగుమనకుండా డొల్లగా మోగితే పొర అప్పటికే విడిందని అర్థం. ఆ మట్టి పొర ముక్కను రాత్రంతా నీళ్లలో ఉంచండి. పొద్దున్నకి బురదైతే అది తడికి నానే పొరేనని తేలినట్టే, అయినా స్లేక్ పరీక్ష (నీళ్లలో రాయి ఎంత అరుగుతుందో ల్యాబ్‌లో కొలిచేది) తప్పదు.

ఇక లెక్క. గ్యాలరీ వెడల్పు 4.2 మీటర్లు, రాయి సాంద్రత ఘనపు మీటరుకు 2.2 టన్నులు అనుకుంటే, ఆర్‌ఎంఆర్ 50 దగ్గర కప్పు భారం చదరపు మీటరుకు సుమారు 3.2 టన్నులు. 40కి పడితే 5 టన్నులు! అందుకే పై 2 మీటర్లలోని పొరలన్నీ కొలిచి, మందాన్ని బట్టి సగటు ఆర్‌ఎంఆర్ తీయండి. దాన్ని బట్టి సపోర్ట్ డిజైన్ (కప్పును ఆపే ఏర్పాటు) మళ్లీ చేయించండి. బోల్టుల మధ్యే రాలుతోంది కాబట్టి మెష్ (ఇనుప జాలీ) కూడా అడగండి. బోల్టు ఒక్కటే ఆ పలకల్ని పట్టుకోలేదు.