మైక్రోబయాలజీ డిగ్రీతో ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ అయిపోయింది. నీట్‌లో సీటు రాలేదు. పోయినేడు తనకు డెంగీ వచ్చినప్పటి నుంచీ ఆస్పత్రి ల్యాబ్‌లో పని చేస్తానంటోంది. మా దగ్గర్లో బీఎస్సీ మైక్రోబయాలజీ ఉంది, చేర్పించమంటారా? రోజూ రక్తం, కళ్లె ముట్టుకునే పని కదా అని వాళ్ల నాన్నకు టెన్షన్.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఆస్పత్రి ల్యాబే కావాలంటే అది వద్దమ్మా, బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ)లో చేర్పించండి. మైక్రోబయాలజీ మంచి చదువే. కానీ ఎక్కువగా ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్, ఫుడ్ ల్యాబ్‌లు, పరిశోధన వైపు తీసుకెళ్తుంది. ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు అడిగేవి డీఎంఎల్‌టీ (అదే చదువులో డిప్లొమా), బీఎస్సీ ఎంఎల్‌టీ లాంటి అర్హతలు, పైన పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్. ఈ సంగతి డిగ్రీ అయ్యాక తెలిసి, మళ్లీ డిప్లొమాకు పరుగెత్తేవాళ్లు ఏటా నా దగ్గరకు వస్తుంటారు.

ఇక పని సంగతి. మెషీన్‌లో రక్తం పెట్టి బటన్ నొక్కడమే అనుకుంటారు చాలామంది. మీ అమ్మాయికి వచ్చిన డెంగీనే తీసుకోండి. జ్వరం మొదలైన తొలి నాలుగైదు రోజుల్లో ఎన్ఎస్1 (రక్తంలో వైరస్ ప్రొటీన్‌ను పట్టే పరీక్ష) చూడాలి, ఆ తర్వాత ఐజీఎం (వైరస్ మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల పరీక్ష). రెండో రోజే ఐజీఎం ఒక్కటి చేసి 'నెగెటివ్' అని చేతిలో పెడితే, డెంగీ ఉన్న మనిషి లేదనుకుని ఇంటికెళ్లిపోతాడు. అక్కడ కిట్ తప్పేమీ లేదు, ఎన్నో రోజు జ్వరమో ఎవరూ అడగలేదంతే. టైఫాయిడ్‌ది ఇంకో తంటా. మన ఊళ్లలో జ్వరం రాగానే వైడాల్ అనే రక్తపరీక్ష రాసేస్తారు. ఎప్పుడో వచ్చి తగ్గిన ఇన్ఫెక్షన్‌కు, వేయించుకున్న టీకాకు కూడా అది పాజిటివ్ చూపించవచ్చు. నమ్మదగింది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను సీసాలో పెంచి చూడటం. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీయాలి. చర్మం సరిగ్గా తుడవకపోతే దాని మీది బ్యాక్టీరియానే సీసాలో పెరిగి కూర్చుంటుంది.

మూత్రం కల్చర్ పెట్టిన ప్లేటును పొద్దున్నే ఇన్క్యుబేటర్‌లోంచి తీస్తే, మెకాంకీ అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీలాంటి పదార్థం) మీద ఈ.కోలై బ్యాక్టీరియా గులాబీ చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. దాన్ని ఇంకో ప్లేటు మీద పూసి, యాంటీబయాటిక్ అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. మర్నాడు బిళ్ల చుట్టూ ఏర్పడిన ఖాళీ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఏ మందు రాయాలో డాక్టర్ తేల్చుకునేది ఆ కొలతతోనే. ఇవన్నీ చూసి ముచ్చటపడే పిల్లలే ఈ పనిలో నిలబడతారు.

వాళ్ల నాన్న భయం ఉత్తిది కాదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టించండి. కళ్లె శాంపిళ్లకు సేఫ్టీ క్యాబినెట్, ఎన్95 మాస్కు ఉంటాయి. నన్నడిగితే అసలు భయపడాల్సింది వాడిన సూదికి మళ్లీ మూత పెట్టే అలవాటుకు.

మొదట్లో జీతాలు తక్కువే, దాచడం ఎందుకు? ఎమ్మెస్సీ చేస్తే పైకి వెళ్లే దారులున్నాయి. ఎండీ మైక్రోబయాలజీ మాత్రం ఎంబీబీఎస్ చేసినవాళ్లకే.

కాలేజీకి సొంత ఆస్పత్రి ఉందో లేదో కనుక్కోండి. ఫీజు కట్టేముందు అమ్మాయిని వెంటబెట్టుకుని అక్కడి ల్యాబ్‌కు వెళ్లి, ఈ వారం ఎన్ని కల్చర్లు పెట్టారని అడగండి. నీళ్లు నమిలితే ఇంకో కాలేజీ చూసుకోండి.