మొదటి సీజన్‌కి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆగస్టులో అమెరికన్ ఫుట్‌బాల్ క్యాంపుకి వెళ్తున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషంరా. మావాడు ఇక్కడే ఒహాయోలో ఓ చిన్న కాలేజీకి నాలుగేళ్లు ఆడాడు కాబట్టి నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నువ్వు చేరేది డివిజన్ 3 కాలేజీ, అంటే అమెరికా కాలేజీ ఆటల్లో మూడో శ్రేణి. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు. టీమ్‌లో ఉన్న ప్రతివాడూ ఆట మీద ఇష్టంతో వచ్చినవాడే, అందుకే నాకు ఆ టీములంటే అంత గౌరవం. అయితే వంద మంది దాకా ఉండే జట్టులో మైదానంలోకి దిగేది ఒకసారికి పదకొండు మందే. రెగ్యులర్ సీజన్ మొత్తానికి పది మ్యాచ్‌లే. మొదటి ఏడాది మ్యాచ్‌లుండే శనివారాలు నువ్వు పక్కన నిలబడాల్సి రావచ్చు. నీ సీజన్ అంతా వారం మధ్యలో, ప్రాక్టీసులోనే జరుగుతుంది.

కొత్తవాళ్లని మామూలుగా స్కౌట్ టీమ్‌లో వేస్తారు. ఆ వారం ఎదుటి జట్టు ఆడబోయే ప్లేలని (ముందే గీసుకున్న ఎత్తుగడల్ని) మీరు ఆడి చూపిస్తే, మీ డిఫెన్స్ వాటిని ఆపడం నేర్చుకుంటుంది. చాలామంది దీన్ని మొక్కుబడిగా కానిచ్చేస్తారు. నువ్వలా చెయ్యకు. ప్లే గీసిచ్చిన కార్డు మీద నీ రూట్, అంటే బంతి అందుకోడానికి పరుగెత్తే దారి, పన్నెండు గజాలని ఉంటే పన్నెండూ పరుగెత్తు. నువ్వు పది దగ్గరే తిరిగిపోతే బంతి అందుకునేవాణ్ణి కాపలా కాసే మీ కార్నర్‌బ్యాక్ ఆ దూరానికే అలవాటుపడి శనివారం దెబ్బతింటాడు. ప్రాక్టీస్ వీడియోలో కోచ్‌లు ఇదంతా చూస్తారు.

ఇంకోటి, లాంగ్ స్నాప్ నేర్చుకో. పంట్‌కి, అంటే బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకి వదిలేసేటప్పుడు, దాన్ని కాళ్ల మధ్యలోంచి 15 గజాలు వెనక్కి వెయ్యాలి, సెకను తిరక్కముందే తన్నే పంటర్ చేతిలో పడాలి. ఫీల్డ్ గోల్‌కి (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నడానికి) దూరం అందులో సగమే గానీ, తన్నేవాడి కోసం బంతి పట్టుకునే హోల్డర్ దాన్ని నిలబెట్టేసరికి బంతి మీది లేసులు గోల్ వైపుకి ఉండాలి. చిన్న జట్లలో ఈ పని నమ్మకంగా చేసేవాళ్లు తక్కువ. రోజూ ప్రాక్టీసయ్యాక గోడ మీద గుర్తు పెట్టుకుని కాసేపు వెయ్యి. త్వరగా మైదానంలోకి దిగాలంటే నాకు తెలిసిన దగ్గరిదారి ఇదే.

క్యాంపులో మొదటి రెండు రోజులూ హెల్మెట్ ఒక్కటే, తర్వాత షోల్డర్ ప్యాడ్లు, ఆ తర్వాతే అన్నీ. ఎండకి ఒళ్లు అలవాటు పడ్డానికే ఆ రూలు. ప్రాక్టీసుకి ముందూ తర్వాతా బరువు చూసుకుని, తగ్గినంతా నీళ్లతో పూడ్చుకో.

తలకి దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మినా, వెలుతురు చూడలేకపోయినా పంటి బిగువున ఓర్చుకోవద్దు. ఆ క్షణమే జట్టులో దెబ్బలు చూసే ట్రైనర్‌కి చెప్పు. కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అని తేలితే ఆ రోజు నిన్ను మళ్లీ దించరు, దించకూడదు కూడా. ప్రాక్టీసులో తలలు బాదుకుంటేనే మొనగాళ్లన్న మాట నమ్మకు. మిన్నెసోటాలో సెయింట్ జాన్స్ యూనివర్సిటీ కోచ్ జాన్ గాలియార్డి ప్రాక్టీసులో అసలు టాకిల్ (ఎదుటివాణ్ణి పట్టి కింద పడెయ్యడం) చెయ్యనిచ్చేవాడే కాదు. 2012లో రిటైరయ్యేసరికి ఆయనవి 489 విజయాలు. అప్పటికి కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్ని గెలిచిన కోచ్ ఇంకొకరు లేరు.

చదువు సంగతి నీకు చెప్పక్కర్లేదు. బయట ఊళ్ల మ్యాచ్‌ల తేదీలు మాత్రం మొదటి వారంలోనే ప్రొఫెసర్లకి రాసిచ్చెయ్. ల్యాబ్ పోయాక అడిగితే వినరు. మ్యాచ్ రోజు రాత్రి అమ్మకి ఫోన్ చెయ్యి, దెబ్బ తగిలితే దాచకుండా చెప్పు. తెలిస్తే ఓర్చుకుంటుంది గానీ, తెలియకపోతేనే దానికి టెన్షన్.

మీ మామయ్య