కార్ల రిపేరు నేర్చుకుంటానంటున్నాడు, ఎక్కడ చేర్చాలి?

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతి పాసయ్యాడు. ఇంటర్ వద్దు, కార్ల పని నేర్చుకుంటానని పట్టుబట్టాడు. మా బావమరిది తనకు తెలిసిన షెడ్డులో పెట్టేద్దామంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక సంస్థ వాళ్లేమో మూడు నెలల్లో స్కానర్ కోర్సు నేర్పి ఉద్యోగం చూపిస్తామంటున్నారు. ఫీజు మాత్రం మా తాహతుకు మించి ఉంది. ఎలక్ట్రిక్ కార్లు వచ్చేస్తే ఈ పని ఉంటుందా అని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ఆ మూడు నెలల కోర్సుకు ఇప్పుడు డబ్బు కట్టకండి. స్కానర్ వాడటం పెద్ద విద్యేమీ కాదు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, దానికి తగిలిస్తే లోపం ఏ రకమో చెప్పే కోడ్ వస్తుంది. చురుకైన కుర్రాడు రెండు రోజుల్లో పట్టేస్తాడు. కోడ్ వచ్చాక ఏం చేయాలన్నదే అసలు పని.

ఉదాహరణకు పీ0171 అనే కోడ్ వచ్చిందనుకోండి. ఇంజన్‌లో పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందని దానర్థం. ఇది చూడగానే ఆక్సిజన్ సెన్సార్ మార్చేసేవాళ్లు ఉన్నారు. పాపం ఆ సెన్సార్ ఉన్న విషయం చెప్పిందంతే! పని తెలిసినవాడు ముందు అదే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అంకె చూస్తాడు, అంటే బండి కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె. లోపలికి వెళ్లే గాలిని కొలిచే సెన్సార్ ఉన్న బండిలో, ఐడ్లింగ్‌లో (బండి నిలబడి ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడు) ఆ అంకె 20 శాతం దాకా ఎక్కి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు వస్తే, ఎక్కడో పైపు చిట్లి దొంగగాలి లాగుతోందన్నమాట. ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి చిన్న లీకు కూడా పెద్దగా కనిపిస్తుంది. బండి మీద లోడు పెరిగే కొద్దీ అంకె పెరుగుతుంటే మాత్రం ఫ్యూయల్ పంపు, ఫిల్టరు వైపు చూడాలి. కోడ్ ఒకటే, రోగాలు వేరు.

అసలు స్కానర్ నోరు విప్పని కంప్లైంట్లు కూడా ఉంటాయి. సెల్ఫ్ బరువుగా తిరుగుతోందని బండి వస్తుంది. కొత్త బ్యాటరీ వేస్తారు, తగ్గదు. సెల్ఫ్ మోటారు విప్పి బాగుచేయిస్తారు, అయినా తగ్గదు. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒక వైరు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించి చూస్తే ఐదు నిమిషాల పని. అక్కడ 0.2 లేదా 0.3 వోల్టులకు మించకూడదు. ఒక వోల్టు దాటిందంటే ఎర్త్ వైరు తుప్పు పట్టిందనో, బోల్టు వదులైందనో అర్థం. ఇసుక కాగితంతో గీకి గట్టిగా బిగిస్తే సరిపోయేదానికి కస్టమర్ వేల రూపాయలు పోగొట్టుకుంటాడు.

మన దగ్గర షెడ్డుల్లో మెకానిక్ వేరు, ఎలక్ట్రీషియన్ వేరు. ఇంజన్ మిస్సింగ్ కొడుతోందంటే బండి వాళ్లిద్దరి మధ్యా తిరుగుతూ ఉంటుంది. రెండో సిలిండర్ ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ తీసి మూడోదానికి మార్చి, కోడ్ కూడా పీ0302 (రెండో సిలిండర్ మిస్సింగ్) నుంచి పీ0303 (మూడోది)కి మారితే తప్పు కాయిల్‌ది. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టరు, వైరింగ్ చూడాలి. అవీ బాగుంటే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి, కొలవాలి, అక్కడ వాల్వులు, రింగుల సంగతి తెలియాలి. ఈ రెండు పక్కలా ఆలోచించగలవాడికే ఇప్పుడు కొరత. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే కొత్త పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక బండ్లలో సెన్సార్లు ఇంకా పెరిగాయి. మీ అబ్బాయిని అలాంటివాడిగా తయారుచేయాలన్నది నా సలహా.

దానికి ప్రభుత్వ ఐటీఐలో మోటార్ మెకానిక్ వెహికల్ ట్రేడ్ మంచిది. పది పాసైతే చాలు, రెండేళ్లు. ఒక ఏడాదిలో అయిపోయే డీజిల్ మెకానిక్ ట్రేడ్ ఉంది కానీ, తొందరపడి దానికి వెళ్లొద్దు. చేర్చే ముందు మీరే ఒకసారి ఐటీఐకి వెళ్లి వర్క్‌షాపు చూడండి. నడిచే బీఎస్6 కారు ఉందా, లేక గోడ పక్కన కోసిపెట్టిన పాత ఇంజన్ మాత్రమేనా? పిల్లల చేతికి మీటర్లు ఇస్తున్నారా, బీరువాలో పెట్టి తాళం వేశారా? ఈ రెండూ చూస్తే మీకే అర్థమవుతుంది.

ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌గా ఏదైనా కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేరాలి. మొదట్లో ఆయిల్ మార్చడం, చక్రాలు విప్పడమే ఉంటుంది, స్టైపెండ్ కూడా తక్కువే. అయినా వైరింగ్ డయాగ్రాములు, కంపెనీ రిపేర్ మాన్యువల్ కళ్లారా చూసేది అక్కడే. అవి ఇంగ్లిష్‌లో ఉంటాయి, అంచేత చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లిష్ కావాలి. దీన్ని చాలామంది పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. బావమరిది గారు చెప్పిన షెడ్డును నేను కాదనను. సెలవుల్లో పంపండి, పాత బండ్ల మీద చెయ్యి తిరుగుతుంది. చదువు మాన్పించి పూర్తిగా అక్కడే పెడితే మాత్రం, గురువుకు తెలిసినంతే వస్తుంది.

లెక్కలు బాగా వస్తే పాలిసెట్ రాసి మూడేళ్ల ఆటోమొబైల్ డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. అది సూపర్‌వైజర్, మేనేజర్ ఉద్యోగాల దారి.

ఎలక్ట్రిక్ కార్ల గురించి మీరు భయపడినంత లేదు. ఇప్పుడు అమ్ముడవుతున్న పెట్రోలు, డీజిల్ బండ్లే ఇంకా చాలా ఏళ్లు రోడ్డు మీద ఉంటాయి. ఎలక్ట్రిక్ కారుకైనా బ్రేకులు, సస్పెన్షన్, ఏసీ, డోర్ లాకులు ఉంటాయి. పెద్ద బ్యాటరీతో పాటు మామూలు 12 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. అది డౌనైతే బండి ఆన్ కాదు! తెలంగాణలో ఏటీసీలుగా (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా) మార్చిన ఐటీఐల్లో ఎలక్ట్రిక్ వెహికల్ మెకానిక్ ట్రేడ్ పెట్టారు. ఆసక్తి ఉంటే అది చూడండి, అయితే నా ఓటు ముందు మోటార్ మెకానిక్‌కే. ఒక్క మాట మాత్రం మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు కేబుళ్లలో వందల వోల్టులు ఉంటాయి. శిక్షణ లేకుండా, యూట్యూబ్ చూసి వాటిని ముట్టుకోకూడదు.

సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు కాబట్టి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ సిద్ధం చేసుకుని నోటిఫికేషన్ చూస్తూ ఉండండి. ఈలోగా ఒక మల్టీమీటర్ కొనివ్వండి. తెలిసినవాళ్ల కారు బ్యాటరీని ఇంజన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి కొలవమనండి. మొదటిది 12.6 దగ్గర, రెండోది 14 దగ్గర రావాలి. ఎందుకు తేడా వచ్చిందని తనంతట తనే అడిగితే, ఈ ట్రేడ్ గురించి మీరు ఇంక ఎవరినీ అడగనక్కర్లేదు.