కష్టం మీద కష్టం వస్తుంటే పాజిటివ్‌గా ఉండటం ఎలా?

"ఉద్యోగం పోయింది, నాన్నగారికి ఒంట్లో బాగోలేదు, పైన అప్పులు. అందరూ పాజిటివ్‌గా ఉండమంటారు, ఎలాగో ఎవరూ చెప్పరు" అని అడిగారు. చెప్పకపోవడానికి కారణం, వాళ్లకీ తెలీకపోవడమే. తిత్లీ తుపాను తర్వాత మా ఊళ్లో ఫోన్లు కలవడం మొదలైనప్పటి నుంచి హైదరాబాద్ చుట్టాలందరూ మాకు ఆ మాటే చెప్పారు. ఫోన్ పెట్టేశాక అమ్మ తిట్టుకునేది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, వజ్రపుకొత్తూరు మండలం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తీరం దాటింది మా మండలంలోనే, పల్లిసారథి దగ్గర. వెలుతురు వచ్చాక చూస్తే కొబ్బరి, జీడి, పనస ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పడకుండా నిలబడ్డ కొబ్బరిచెట్లకి కూడా మొవ్వు విరిగిపోయింది, అంటే అవీ పోయినట్టే. వరి పోతే వచ్చే ఏడాది చూసుకుందాం అనుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. నాన్న తోటలోకి వెళ్లి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. టీ ఇచ్చినా తాగలేదు.

అప్పుడు మమ్మల్ని లేపింది మా పెదనాన్న. ఆయన కిడ్నీ పేషెంటు. ఉద్దానంలో ఆ జబ్బు సంగతి మీరు వినే ఉంటారు. మరునాడు ఆయనకి డయాలసిస్ ఉంది, మెషీను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. రోడ్డంతా చెట్లు, కరెంటు స్తంభాలు. పెదనాన్న గుమ్మంలో నిలబడి, "సెట్లు ఎప్పుడైనా లెక్కెట్టుకోవచ్చురా. నా రక్తం ఆగదు. దారి తియ్యండి" అన్నారు. అంతే. నాన్న లేచి కత్తి తీసుకున్నారు. ఇద్దరు ముగ్గురం అనుకుంటే వీధి వీధంతా వచ్చింది. బండి పట్టేంత సందు చేసి, కొన్నిచోట్ల బండినే ఎత్తి అవతల పెట్టి, ఆయన్ని ఆసుపత్రికి చేర్చాం.

ఆ రోజుల్లో కరెంటు లేక మోటార్లు ఆడక తాగే నీటికి కటకట. రాలిపోయిన బొండాలు మాత్రం కాళ్లకి అడ్డం పడుతున్నాయి, అందరం అవే కొట్టుకు తాగాం. పెదనాన్న ఒక్కరూ ముట్టలేదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పనిచెయ్యనివాళ్లకి ప్రమాదం. ఆయనకి రోజుకి ఇన్ని నీళ్లే అని లెక్క. ఒక స్టీలు గ్లాసు పెట్టుకుని, పొద్దున మాత్రలకి ఇంత, భోజనంలోకి ఇంత అని అందులోనే సర్దుకునేవారు. కొబ్బరితోటల మధ్య పుట్టిన మనిషి! మేం బొండాం కొడుతుంటే, "నా వాటా కూడా తాగెయ్యండర్రా" అని నవ్వేవారు. ఆయనకి బాధ లేదనుకోకండి. డయాలసిస్ నుంచి వచ్చిన సాయంత్రాలు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు, పెద్దమ్మ కూడా కదిపేది కాదు. మర్నాడు మళ్లీ మామూలే.

నేను ఆయన్ని చూసి పట్టుకున్నది ఇది: అంతా బాగుంటుందని ఆయన ఎప్పుడూ అనలేదు. బాగుపడని జబ్బని ఆయనకి తెలుసు. ఈ పూట ఆగని పని ఏది అని చూసుకునేవారు. మీ నాన్నగారి మందులు ఆగవు, రేషన్ ఆగదు. ఉద్యోగం దొరకడం మీ చేతిలో పూర్తిగా లేదు, ఇవాళ రెండుచోట్ల అడగడం ఉంది. దిగులు పడే టైమూ ఉంచుకోండి. ఏడుపు ఆపుకోవడమే ధైర్యం అనేవాళ్ల మాట నేను నమ్మను.

అప్పుల మాటకొస్తే, అన్నీ ఒక కాగితం మీద రాయండి: ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత. రాత్రిపూట మాత్రం రాయకండి. మేం పగలు, నాన్న పక్కన కూర్చుని రాశాం. ఆయన మనసులో తిరుగుతున్న అంకె కాగితం మీదికి వచ్చేసరికి తగ్గింది, చేబదుళ్లు రెండుసార్లు కలుపుకుంటున్నారు పాపం. ఏది ముందు తీర్చాలో, ఎవరిని గడువు అడగాలో అప్పుడే తేలింది. అడిగితే ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకాయన ఒప్పుకోలేదు.

ఇంకొకటి. తుపాను పోయిన నెలల తర్వాత కూడా మా వీధిలో ఒకరికి నిద్ర పట్టేది కాదు, తిండి సయించేది కాదు, బతికి ఏం లాభం అనేవారు. అది ధైర్యం చెబితే పోయేది కాదు, డాక్టర్ చూశాకే కుదుటపడ్డారు. మీకు వారాల తరబడి అలా ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, 2022లో మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే వారాలు ఆగకండి, వెంటనే చెయ్యండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

మా తోట సంగతి అడుగుతారేమో. జీడి అంటులు ముందు అందుకున్నాయి. మధ్యలో అరటి, కంద వేసి లాక్కొచ్చాం. కొబ్బరి ఇప్పుడిప్పుడే కాపుకొస్తోంది, పాత తోటంత మాత్రం లేదు.