బ్రాసవోలా నోడోసా పచ్చగా ఉన్నా పూయకపోతే

విజయవాడలో మీ బాల్కనీలోని నోడోసా ఆర్కిడ్ రెండేళ్లుగా పచ్చగా ఉన్నా పూయడం లేదనీ, కొన్న కొత్తలో ఒకసారి పూసినా వాసన రాలేదనీ, వేరే మొక్క అంటగట్టారేమోననీ అడిగారు. మీ వర్ణనను బట్టి మొక్క సరైనదే. విశాఖపట్నంలో ఆరేళ్లుగా దీన్ని పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను.

ముందు వాసన సంగతి. ఈ పువ్వుకు పగలు వాసన ఉండదు. మెక్సికో నుంచి దక్షిణ అమెరికా ఉత్తర భాగం దాకా, కరీబియన్ దీవుల్లోనూ మడ చెట్లను, రాళ్లను పట్టుకుని పెరిగే మొక్క ఇది. అక్కడ దీనికి పరాగసంపర్కం చేసేవి రాత్రి తిరిగే పెద్ద చిమ్మటలు. అవి తిరిగే వేళకే పరిమళం విడుస్తుంది. మా ఇంట్లో మొదటిసారి పూసిన రోజు పొద్దున్నే వాసన చూసి నేనూ నిరాశపడ్డాను. రాత్రి భోజనాలయ్యాక మా అత్తగారు బాల్కనీ తలుపు తీసి, "ఎవరింట్లోనో నిమ్మచెట్టు పూసినట్టుందే!" అన్నారు. మూడో అంతస్తులో నిమ్మచెట్టు ఎక్కడిది? టార్చి వేసి చూస్తే అయిదు సన్నని లేతాకుపచ్చ రేకల మధ్య తెల్లగా, తమలపాకు ఆకారంలో పెదవి, అంటే ఆర్కిడ్ పువ్వులో మిగతా వాటికి భిన్నంగా ఉండే రేక. వాసన అక్కడి నుంచే. 'లిటిల్ స్టార్స్' పేరుతో అమ్మే నోడోసా, కార్డేటా (మరో బ్రాసవోలా జాతి)ల సంకరానికీ రాత్రి వాసనే.

ఇక పూయకపోవడం. ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతున్నాయని రాశారు. వెలుతురు చాలడం లేదనడానికి అదే గుర్తు. ఆర్కిడ్లన్నీ నీడ మొక్కలన్న మాట నీడను ఇష్టపడే మరో ఆర్కిడ్ రకమైన ఫెలెనోప్సిస్‌కు సరిపోతుంది గాని, దీనికి సరిపోదు. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు నేరుగా తగలాలి. ఆకు రంగు కాస్త తేలి, అక్కడక్కడా ఎర్రటి చుక్కలు కనబడితే వెలుతురు సరిపోయినట్టు. ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు మాడతాయి, రెండు మూడు వారాల్లో మెల్లగా జరపండి. మే నెల మధ్యాహ్నపు ఎండకు మాత్రం షేడ్ నెట్ తప్పదు.

నీళ్ల విషయంలో నేను ఒక మొక్కను పోగొట్టుకున్నాను. కొబ్బరి పొట్టు నింపిన ప్లాస్టిక్ కుండీలో పెట్టాను. అక్టోబరు వాయుగుండానికి నాలుగు రోజులు తడిసి, మొదలు గోధుమరంగు గుజ్జయింది. చాలా బాధపడ్డాను. ఇప్పుడున్నదాన్ని మామిడి చెక్కకు పలుచగా కొబ్బరి పీచు వేసి నైలాన్ దారంతో కట్టాను. కుండీయే కావాలంటే పక్కలకు రంధ్రాలున్న మట్టి కుండీలో ఇటుక ముక్కలు, కట్టెబొగ్గు వేయండి. బొగ్గు నేను ఇస్త్రీ బండి దగ్గర కొంటాను.

ఎప్పుడు నీళ్లు పోయాలో వేర్లే చెబుతాయి. ఎండిన వేరు వెండిలా తెల్లగా ఉంటుంది, తడిస్తే చూస్తుండగానే ఆకుపచ్చగా మారుతుంది. తెల్లబడ్డాకే పోయండి, అదీ ఉదయం పూటే. ఎరువుగా పక్షానికోసారి 20-20-20 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) లీటరు నీటికి అర గ్రాము చాలు. ముందు మామూలు నీళ్లతో వేర్లు తడిపి, తర్వాత చల్లండి.

మీ బాల్కనీ ఏ దిక్కుకు ఉందో రాయండి. పడమరదైతే నెట్ ఎటు కట్టాలో చెబుతాను.